తలుపు పాఠం

పోయిన వారం నన్ను ఏ స్థితిలో వదిలేసి వెళ్ళారో మీరు మర్చిపోయినా నేను మర్చిపోలేదు. చర్చి వెనక గదిలో, బిషప్ గారి ఆఫీసు నుంచి వచ్చిన ఫారం ముందు పెట్టుకొని, పెన్ను మూత తీసి కూర్చున్నాను. ఫారంలో చివరి వరస ఒక్కటే మిగిలింది. 'ఈ గురువు ఈ విచారణలో కొనసాగవచ్చు' అని ఒక పక్క, 'స్వదేశానికి పంపివేయవలెను' అని ఇంకో పక్క. గురువంటే ఫాదరే, విచారణంటే ఒక చర్చి కిందుండే ఊరు. అక్కర్లేనిది కొట్టేసి సంతకం పెట్టాలి. మూడు గంటలకు సెక్రటరీ ఫాదర్ స్వయంగా వచ్చి పట్టుకెళ్తానన్నారు. రెండు దాటింది. అప్పుడే వాచీల ఆయన కూతురు వచ్చి గుమ్మంలో నిలబడింది.

కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పేస్తాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. నేను ముప్పై నాలుగేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయినదాన్ని. రిటైరయ్యాక కాళ్ళు చాపుకొని కూర్చోవచ్చు కదా. కూర్చోలేదు. ఇతర దేశాల నుంచి మా విచారణలకు వచ్చే ఫాదర్లకు ఇక్కడి పద్ధతులు నేర్పే పని నెత్తికెత్తుకున్నాను. మా దగ్గర ఫాదర్లు తగ్గిపోయారు, ఉన్నవాళ్ళు పెద్దవాళ్ళయిపోయారు. మా పెద్ద ఫాదర్ తుంటి విరిగి మంచంలో ఉంటే, ఆయన బదులు సముద్రం అవతల నుంచి వచ్చినాయనే చిన్న ఫాదర్. పేరుకు చిన్న, మనిషి ఆరడుగులు. మా భాష అక్కడే నేర్చుకొని వచ్చారు. తెలియనిదల్లా మా ఇళ్ళ తలుపుల సంగతి.

వాళ్ళ దేశంలో ఫాదర్‌కి తలుపు అడ్డం ఉండదట. వీధి మొదట్లోనే పాట ఎత్తుకుంటారు. ఆ పాట వినబడిందంటే ఫాదర్ వస్తున్నట్టు. ఆ ఊపులోనే నేరుగా ఇంట్లోకి వచ్చేస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. మా దగ్గరా అలాగే మొదలుపెట్టారు. వచ్చిన రెండో వారం పోస్టుమాస్టారింట్లోకి పాడుకుంటూ వెళ్ళి, వంటింట్లో గిన్నె మూత తీసి చూసి, స్నానం చేసి వస్తున్న పోస్టుమాస్టారిని తువ్వాలుతో సహా కౌగిలించుకున్నారు. ఈయన ఫాదరా, కొత్తల్లుడా అని జనం నవ్వారు. నవ్విన వాళ్ళే ఇంటికెళ్ళి ఫిర్యాదులు రాశారు. నెల తిరక్కుండా తొమ్మిది. బిషప్ గారి ఆఫీసు ఆయన్ని నాకప్పగించి ఆర్నెల్లు గడువిచ్చింది.

నేను చేసే పని సగం చెయ్యను. వడ్రంగితో ఒక ఉత్తుత్తి తలుపు చేయించి గది మధ్యలో నిలబెట్టించాను. దానికి బెల్లు కూడా పెట్టించాను. లోపల నేను ఇంటావిణ్ణి, బయట ఆయన ఫాదరు. బెల్లు ఒకసారి కొట్టి రెండు నిమిషాలు ఆగాలి. మళ్ళీ ఒకసారి కొట్టి ఇంకో రెండు నిమిషాలు ఆగాలి. అప్పటికీ తియ్యకపోతే, వచ్చి వెళ్ళానని చీటీ రాసి తలుపు కింద నుంచి లోపలికి తోసి వచ్చెయ్యాలి. తలుపు ఓరగా తెరిచి ఉన్నా సరే, చెయ్యి వెయ్యకూడదు. వేస్తే ఒక తప్పు. మూడు తప్పులైతే విమానం ఎక్కించడమే. ఈ తలుపు పాఠం ఆయన చేత కనీసం వందసార్లు చేయించి ఉంటాను. మొదట్లో నవ్వుతూ చేసేవారు. తర్వాత తర్వాత నవ్వడం మానేశారు. వీధిలో పాడటం కూడా ఎప్పుడో మానేశారు. నేనది గమనించి సంతోషించాను.

ఫిర్యాదులు ఆగిపోయాయి. బిషప్ గారు నన్ను మెచ్చుకుంటూ ఉత్తరం రాస్తే ఫ్రేము కట్టించుకున్నాను.

పోయిన మంగళవారం, మా ఊళ్ళో వాచీలు బాగుచేసే వాచీల ఆయన జబ్బుచేసి పోయాడు. పోయేముందు ఫాదర్ నుదుట రాసే పవిత్ర తైలం లేకుండా, పక్కన ప్రార్థన చెప్పేవాళ్ళు లేకుండా పోయాడు. చిన్న ఫాదర్ వాళ్ళింటి దాకా వెళ్ళి వెనక్కొచ్చేశారు. ఎందుకొచ్చేశారో ఎవరికీ చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందో నాకు లోపల ఎక్కడో తెలుసు. ఇదీ అప్పటికి కథ.

"కూర్చో అమ్మా" అన్నాను వాచీల ఆయన కూతురితో. ఒకప్పుడు నా దగ్గర ఐదో తరగతి చదివిన పిల్ల. ఇప్పుడు నలభై దాటాయి, బట్టలు కుడుతుంది. షాపులోంచి అలాగే లేచి వచ్చేసినట్టుంది, కొలతల టేపు మెళ్ళోనే వేలాడుతోంది.

"కూర్చోడానికి రాలేదు టీచరమ్మా. ఫాదర్‌ని ఒక మాట అడిగి పోతాను."

చిన్న ఫాదర్ కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు. పొద్దున్నించీ అక్కడే ఉన్నారు, నేను ఫారంలో ఏం రాస్తానో అని. ఆమెను చూసి లేచి నిలబడ్డారు.

ఆమె చిన్న కాగితం ఒకటి తీసి నా బల్ల మీద పెట్టింది. 'మీ ఇంటికి వచ్చాను. మీరు లేరు. దేవుడు మీకు తోడుగా ఉండుగాక.' గుండ్రటి అక్షరాలు, ఎక్కడా కొట్టివేత లేదు. ఆ అక్షరాలు నేను దిద్దించినవే, ఆ వాక్యాలు నేను కట్టి ఇచ్చినవే.

"మేం లేమా ఫాదర్?" అంది. "సరే, నేను లేను. ఆక్సిజన్ సిలిండర్ అయిపోవస్తోందని మందుల షాపుకి పరిగెత్తాను. మా నాన్న ఎక్కడికి పోతాడు? పక్కకి తిరగాలన్నా నేను పట్టుకోవాలి. మీరొస్తారని తలుపు గడియ పెట్టకుండా వెళ్ళాను. నాలుగు వేళ్ళ సందు ఉంది. చూసుకొనే వెళ్ళాను."

ఆయన చీటీ అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"నేను తిరిగొచ్చేసరికి ఆయన కళ్ళు తలుపు మీదే ఉన్నాయి. మాట రావట్లేదు. రెండు వేళ్ళు చూపిస్తున్నాడు, ఇలా. నీళ్ళేమో అనుకున్నా, తాగలేదు. రెండో దిండేమో అనుకున్నా, అదీ కాదు. మళ్ళీ మళ్ళీ రెండు వేళ్ళు. మీకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. కబురంపితే మీరు రెండోసారి వచ్చేసరికి ఒళ్ళు చల్లబడిపోయింది. అన్నీ అయ్యాక ఇల్లు ఊడుస్తుంటే ఈ చీటీ దొరికింది. అప్పుడు అర్థమైంది ఆ రెండు వేళ్ళేంటో. ఏ ఇంటికెళ్ళినా మీరు రెండుసార్లేగా బెల్లు కొట్టేది. బెల్లు రెండుసార్లు మోగింది. అది చెప్తున్నాడు నాకు."

ఒక బెల్లు, రెండు నిమిషాలు, ఇంకో బెల్లు, రెండు నిమిషాలు. మంచం మీద ఊపిరి అందని మనిషి ఆ నాలుగు నిమిషాలూ ఆ సందులోంచి ఫాదర్ బట్టలు చూస్తూ పడుకున్నాడు.

"తప్పు నాది" అన్నారు చిన్న ఫాదర్.

"తప్పని నాకూ తెలుసు. ఎందుకు చేశారని అడుగుతున్నా. తలుపు తెరిచి ఉంది, కనబడలేదా?"

"కనబడింది."

"నాన్న దగ్గు వినబడలేదా?"

"వినబడింది. నా చెయ్యి తలుపు మీదే ఉంది."

"మరి?"

"భయమేసింది."

"ఫాదరయ్యుండి చావంటే భయమా మీకు?"

"చావంటే కాదు" అన్నారు.

ఆయన నా వైపు చూడలేదు. ఒక్కసారి చూసి ఉంటే నాకు కోపమన్నా వచ్చేది, ఏదో ఒకటి అడ్డంగా వాదించి ఉండేదాన్ని. ఆయన నేల వైపు చూస్తూ నిలబడ్డారు. ఆ నిందంతా తన మీదే వేసుకొని, నా పేరు బయటికి రానివ్వకుండా పోదామని సిద్ధమై ఉన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"నేనంటే భయం" అన్నాను. "తలుపు తొయ్యొద్దని నేర్పింది నేనమ్మా. తెరిచి ఉన్నా తొయ్యొద్దన్నాను. తోస్తే పంపించేస్తారని బెదిరించాను. ఆయన నేను చెప్పినట్టే చేశారు."

ఆమె నన్ను చూసింది, తర్వాత గది మధ్యలో ఒంటరిగా నిలబడ్డ ఉత్తుత్తి తలుపును చూసింది. దాని దగ్గరికి వెళ్ళి చుట్టూ తిరిగి వచ్చింది. ఇటు గది, అటూ అదే గది.

"ఇదేంటి టీచరమ్మా, పిల్లల నాటకానికా?"

"నేర్పడానికి."

"దీని బెల్లు కొట్టించేవారా ఆయన చేత?"

"ఊఁ."

ఆమె నవ్వింది. ఆ నవ్వు నేను బతికున్నంత కాలం నన్ను వదలదు.

"మా నాన్న ఈయన్నే ఎందుకు పిలవమన్నాడో తెలుసా మీకు? పదకొండేళ్ళయింది ఆయన ఫాదర్ ముందు తన పాపాలు చెప్పుకొని, పాప సంకీర్తనం చేసి. పూజకి వస్తాడు, వెనక నించొని వెళ్ళిపోతాడు, సత్ప్రసాదం తీసుకోడు. పెద్ద ఫాదర్ బాగున్న రోజుల్లో ఎన్నిసార్లు బతిమాలానో. 'ఇక్కడి వాళ్ళకి చెప్పలేనే' అనేవాడు. ఈయన వచ్చిన కొత్తల్లో ఒకరోజు పాడుకుంటూ మా షాపులోకొచ్చి, కౌంటరు దాటి వచ్చి, నాన్న పక్కన స్టూలు మీద కూర్చున్నారంట. గంటసేపు వాచీ ఎలా విప్పుతారో చూశారంట. ఆ రోజు నాన్న నాతో అన్నాడు, 'నేను చెప్పుకుంటే ఈయనకే చెప్పుకుంటా. ఈయన మన మనిషి కాదు, ఈయనకి మనం ఎవరమో తెలీదు, అయినా లోపలికొచ్చి కూర్చున్నాడు' అని. మంగళవారం పొద్దున్నించీ పాట వినబడుతుందేమో అని చెవులు రిక్కించుకొని ఉన్నాడు టీచరమ్మా. పాట రాలేదు. బెల్లు మోగింది."

చిన్న ఫాదర్ కుర్చీలో కూలబడ్డారు. అంత పెద్ద మనిషి మొహం చేతుల్లో పెట్టుకొని ఏడుస్తుంటే ఆ గదిలో చూడ్డానికి ఇంకో చోటు లేకపోయింది.

ఆర్నెల్లుగా ఆయన ఒంటి మీద నుంచి నేను గీకి గీకి తీసేసిందేదో, చచ్చిపోతున్న మనిషి సరిగ్గా దాని కోసమే ఎదురుచూశాడు. ఈ మాట ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. బళ్ళో ఒక పిల్లవాడికి తప్పు లెక్క నేర్పితే మర్నాడు దిద్దుకోవచ్చు. ఇది దిద్దుకోడానికి లేదు.

"నన్ను క్షమించమ్మా" అన్నాను.

"మీ మీద నాకు కోపం ఉందో లేదో కూడా తెలీట్లేదు టీచరమ్మా. క్షమించినా మా నాన్నకి ఒరిగేదేముంది?"

వెళ్ళబోతూ సంచిలోంచి చిన్న పొట్లం తీసింది. రిపేరుకొచ్చిన వాచీలకు దారంతో కడతారే, ఆ అట్ట ముక్కలు, పదో పన్నెండో ఒక్క దారానికి గుచ్చి ఉన్నాయి. పై ముక్క మీద 'ఫాదర్ చదవాలి. ఇంకెవరూ కాదు' అని వణికిన రాత.

"ఊపిరి ఆడక మాట రాకపోతే ఎలాగని వారం రోజులుగా రాసుకున్నాడు. మీరొస్తే ఎదురుగా కూర్చోబెట్టి చదివించుకుందామని. నేను చదవలేదు. చదవాలని లేకపోలేదు. పెట్టెలో ఆయనతో పాటు పెట్టేద్దామనుకున్నా, చెయ్యి రాలేదు. మీకు రాసినవి, మీరే ఏం చేసుకుంటారో చేసుకోండి."

ఆయన ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది. మెట్లు దిగుతుంటే చెప్పుల చప్పుడు కాసేపు వినబడి ఆగిపోయింది.

మేమిద్దరం మిగిలాం. గడియారం రెండూ ముప్పావు చూపిస్తోంది. ఆయన కళ్ళు తుడుచుకొని, మొదటి అట్ట ముక్కను కిటికీ వెలుతురుకు పట్టుకొని చదవడం మొదలుపెట్టారు. నేను నా పనిలో పడ్డాను. 'పంపివేయవలెను' అన్నది ఒక్క గీతతో కొట్టేశాను. దాని కింద ఖాళీ జాగాలో, మంగళవారం జరిగినదానికి బాధ్యత పూర్తిగా నాదేననీ, ఈ గురువు నేను నేర్పిన నియమాన్ని మాత్రమే పాటించారనీ, ఇకమీదట ఎవరికీ పాఠం చెప్పే అర్హత నాకు లేదనీ రాశాను. రాస్తుంటే ప్రాణం కొంచెం తేలికపడింది. ఇన్నేళ్ళూ ఊరందరి పిల్లలకూ మార్కులు వేసినదాన్ని, నా పేపరు నేను దిద్దుకోవడం అదే మొదలు.

తలెత్తి చూస్తే ఆయన నాలుగో ముక్క దగ్గర ఆగిపోయి ఉన్నారు. వెనక్కి తిప్పి రెండోది మళ్ళీ చదివారు. మిగతావి గబగబా చూసి, అన్నీ కలిపి గుప్పిట్లో పట్టుకున్నారు. ఏడుపు ఆగిపోయింది. మొహంలో రక్తం లేదు.

"ఫాదర్, ఉండొచ్చని రాశాను. తప్పంతా నా పేరున రాశాను. సంతకం ఒక్కటే మిగిలింది" అన్నాను.

"వద్దు టీచరమ్మా. అది కొట్టెయ్యండి. పంపించెయ్యాలని రాయండి."

"పిచ్చా మీకు? పొద్దున్నించీ ఆ కుర్చీలో ఎందుకు కూర్చున్నారు మరి?"

"పొద్దున ఉండాలనే వచ్చాను. మీ కాళ్ళు పట్టుకొని అయినా ఉందామనుకున్నాను. మా ఊళ్ళో మా అమ్మకి, మా బిషప్‌కి ఏ మొహం పెట్టుకొని కనబడాలి అనుకున్నాను. ఇప్పుడు ఉండలేను."

"అందులో ఉన్నదాని వల్లేనా?"

ఆయన గుప్పిటను ఒళ్ళోకి లాక్కున్నారు. అదే జవాబు.

"దాన్ని పాప సంకీర్తనం అంటారా ఫాదర్? మనిషి పోయాక?"

"అనరు. ఆ రోజు నేను లోపలికి వెళ్ళి, ఆయన ముందు కూర్చొని ఇవి చదివి ఉంటే అయ్యేది. పాప విమోచనం చెప్పేవాణ్ణి, ఆయన నిశ్చింతగా పోయేవాడు. ఇప్పుడు విమోచనం చెప్దామంటే ఎదురుగా మనిషి లేడు. కానీ ఆయన ఫాదర్ ఒక్కడికే చెప్పాడు. అది దాచడం నా వంతు. ఆయన బరువు దిగలేదు, నాకు ఎక్కింది, అంతే."

"అయితే మొయ్యండి" అన్నాను. నా గొంతు నాకే తెలియకుండా బళ్ళో గొంతైపోయింది. "మీ పనే అది కదా. జనం చెప్పుకున్నవన్నీ కడుపులో పెట్టుకొని తిరగడమే కదా. దీనికోసం పెట్టే బేడా సర్దుకొని పారిపోతే రేపు ఇంకొకళ్ళు చెప్పుకోడానికి వస్తే ఎక్కడికి పోతారు?"

"ఈ ఊళ్ళో ఇంకెవరి గురించైనా అయితే మోసేవాణ్ణి టీచరమ్మా."

ఆర్నెల్లలో మొదటిసారి ఆయన నా కళ్ళలోకి సూటిగా చూశారు. ఆ చూపులో భయం లేదు. జాలి ఉంది. అది భయంకన్నా అన్యాయంగా అనిపించింది నాకు.

"ప్రతి ఆదివారం మీరు మొదటి బెంచీలో కూర్చుంటారు. సత్ప్రసాదానికి అందరికంటే ముందు మీరే వస్తారు. ఇది తెలిసి మీ ఎదురుగా నిలబడటం నావల్ల కాదు. చెప్పడం అసలే కాదు."

కింద కారు ఆగిన చప్పుడైంది. మెట్ల మీద సెక్రటరీ ఫాదర్ బూట్లు. నాకు ఆ చప్పుడు ఎక్కడో దూరంగా వినబడుతోంది. పదకొండేళ్ళ కిందట మా ఇంట్లో మా ఆయన ఎలా పోయారో ఈ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. వాచీల ఆయన ఆ రోజు అందరికంటే ముందు వచ్చి, అందరికంటే ఆఖరున వెళ్ళాడు. మా ఆయన శవపేటిక ఒక మూల ఆయనే పట్టుకున్నాడు. ఎంత మంచివాడో అనుకున్నాను. ఇన్నేళ్ళూ అలాగే అనుకుంటున్నాను. ఆయన పాప సంకీర్తనం మానేసిందీ ఆ ఏడే.

"నా గురించి ఏముంది అందులో?"

"అడగకండి."

"మా ఆయన గురించా?"

ఆయన గుప్పిట బిగిసింది.

"అయిందా టీచరమ్మా?" అంటూ సెక్రటరీ ఫాదర్ గుమ్మంలోకి వచ్చి, మా ఇద్దరి మొహాలూ చూసి అక్కడే ఆగిపోయారు.

పావుగంట కిందట ఒకామె ముందు క్షమించమని అడిగిన మనిషిని నేనే. తప్పంతా నాదని సొంత చేత్తో రాసుకున్న మనిషినీ నేనే. ఆ కాగితం మీద సిరా ఇంకా ఆరలేదు. దాన్ని నా వైపుకి లాక్కొని, రెండు చేతులూ దాని మీద పెట్టాను.

"ఉండాలన్నా పోవాలన్నా మీకు నా సంతకం కావాలి ఫాదర్" అన్నాను చిన్న ఫాదర్‌తో. "ముందు ఆ ముక్కలు ఈ బల్ల మీద పెట్టండి."